హైదరాబాదు నుండి జిద్దాకు: ఆకాశమార్గమున దూరము – కాలము

ప్రయాణమును గూర్చి మాట వచ్చినపుడు మనవారు వేయు ప్రశ్నలు రెండు. ఎంత దూరము? ఎంత సేపు? ఈ రెండు ప్రశ్నలును ఒకటే యని చాలమంది తలంతురు. కేసముద్రము స్టేషనున బండి యెక్కి వరంగల్లునకు పోవువానికి ఆ తలంపు వలన నష్టము లేదు. కాని ఆకాశమార్గమున పోవువానికి దూరము వేరు, కాలము వేరు, గడియారము చూపు వేళ మరియొకటి. ఈ మూడింటి భేదమును విద్యార్థులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము భాషాధ్యాపకులము, గణితశాస్త్రజ్ఞులము కాము. అయినను ఈ విషయమును వ్రాయ బూనుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరములకు పూర్వము మా పొరుగింటి యతడు సెలవుపై వచ్చి, జిద్దాలోని తన పనికి తిరిగి పోవలసి యుండెను. అతడు తన టిక్కెట్టును మా చేతికిచ్చి చదివి చెప్పుమనెను. దానిపై శుక్రవారపు తేదీయు, బయలుదేరు వేళ 00-40 అనియు ముద్రింపబడి యుండెను. మేము చూచి, "శుక్రవారము రాత్రి పండ్రెండు దాటిన తరువాత" అని చెప్పితిమి. అతడు భార్యాబిడ్డలతో శుక్రవారము రాత్రి విమానాశ్రయమునకు చేరెను. విమానము అంతకు ముందటి రాత్రియే, అనగా గురువారము అర్ధరాత్రి దాటి నలుబది నిమిషములకే వెడలిపోయి యుండెను. శుక్రవారము అర్ధరాత్రితోనే ప్రారంభమగునన్న సంగతి మాకు తెలియనిది కాదు. టిక్కెట్టు చదువునపుడు తోచలేదు. అతని పునఃప్రవేశపు గడువు ముగియుటకు రెండు దినములే మిగిలి యుండెను. మిర్చి అమ్మగా వచ్చిన పైకము క్రొత్త టిక్కెట్టునకు పోయెను. అతడు మమ్ము నిందింపలేదు. "సార్, చదువుకున్న మీరే చెప్పిండ్రు గదా అని ఇంకొకరిని అడగలేదు" అని మాత్రమనెను. ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది. కావున ఆ లెక్కను మొదటి నుండి నేర్చుకొని, నేర్చినదానిని మీ ముందుంచుచున్నాము.

దూరమును కొలుచుట

గోడపై వ్రేలాడు పటముపై హైదరాబాదు నుండి జిద్దాకు ఒక గీత గీసి, అదియే విమానము పోవు దారి యనుకొనుట సహజము. కాని భూమి గోళాకారము, పటము చదునైనది. గోళముపై రెండు స్థలములకు నడుమ అత్యల్ప దూరమును కనుగొనవలెనన్న, ఆ రెండు స్థలముల మీదుగాను, భూకేంద్రము మీదుగాను పోవునట్లు భూమిని రెండు సమభాగములుగా కోసినట్లు భావింపవలెను. ఆ కోతకు పైన ఏర్పడు వృత్తమే మహావృత్తము. దానిలో మన రెండు స్థలముల నడుమ నున్న చాపమే ఆకాశమార్గపు కనిష్ఠ దూరము. ఇంటిలో బత్తాయి పండొకటి తీసికొని, దానిపై రెండు గుండుసూదులు గ్రుచ్చి, వాని నడుమ దారమును బిగించి చూచినచో ఈ సంగతి ప్రత్యక్షమగును.

ఇక లెక్క. శంషాబాదులోని విమానాశ్రయము 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశమునను కలదు. జిద్దా విమానాశ్రయము 21.68 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను, 39.16 డిగ్రీల తూర్పు రేఖాంశమునను కలదు. రేఖాంశముల భేదము 39.27 డిగ్రీలు. గోళ త్రికోణమితి సూత్రము ఇది: రెండు అక్షాంశముల సైనుల లబ్ధమునకు, ఆ అక్షాంశముల కొసైనులను, రేఖాంశ భేదపు కొసైనును గుణింపగా వచ్చిన లబ్ధమును కలిపినచో, ఆ రెండు స్థలముల నడుమ కోణము యొక్క కొసైను లభించును.

మొదటి లబ్ధము 0.1095. రెండవది 0.6871. మొత్తము 0.7966. దీనిని కొసైనుగా గల కోణము 37.2 డిగ్రీలు. భూపరిధి సుమారు 40,030 కిలోమీటర్లు. దానిని 360 చే భాగింపగా ఒక డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వచ్చును. 37.2 ను 111.2 చే గుణింపగా సుమారు 4,140 కిలోమీటర్లు. ఇదియే హైదరాబాదు – జిద్దాల నడుమ ఆకాశ దూరము.

విమానము సరిగా ఈ గీత మీదనే పోవునా? పోదు. నిర్ణీతమైన వాయుమార్గములను, ఆయా దేశముల అనుమతులను, వాతావరణమును బట్టి దారి కొంత వంపు తిరుగును. అరేబియా సముద్రమును దాటి, అరబ్బు భూభాగము మీదుగా జిద్దా చేరునప్పటికి నిజముగా నడచిన దూరము లెక్కకంటె కొంత యెక్కువ యగును. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేసినపుడు, ఢిల్లీ నుండి పడమటికి పోవు విమానములు చుట్టుదారి పట్టవలసి వచ్చెను. రెండు నగరముల నడుమ దూరము అంగుళమైనను పెరుగలేదు. దారి మాత్రము పెరిగెను.

ఇదే లెక్క, ఇదే ఖిబ్లా

ఈ గణితము విమానములతో పుట్టినది కాదు. దాదాపు వేయి సంవత్సరములకు పూర్వము అల్ బీరూనీ నగరముల అక్షాంశ రేఖాంశములను, వాని నడుమ దూరములను గోళ త్రికోణమితిచే సాధించెను. 1025వ సంవత్సర ప్రాంతమున ముగించిన 'తహ్‌దీద్' అను గ్రంథమున ఆయన యెదుట నున్న సమస్య గజనీ నగరమునకు ఖిబ్లాను నిర్ణయించుట. పంజాబులోని నందన కోట వద్ద పర్వతపు ఎత్తును, దాని శిఖరము నుండి దిగంతము కనబడు కోణమును కొలిచి, భూవ్యాసార్ధమును గణించినవాడును ఆయనయే. ఆ ఫలితము నేటి కొలతకు మిక్కిలి సమీపము. ఈ దేశమునకు వచ్చి, సంస్కృతము నేర్చి, మన జ్యోతిషగ్రంథములను చదివిన ఆ పండితుని పేరు మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులకును తెలియవలసినది.

ఖిబ్లా యనగా మక్కా వైపు అతి దగ్గర దారి దిశ. అనగా మహావృత్తపు దిశ. కేసముద్రము నుండి చదును పటముపై గీత గీసినచో మక్కా నేరు పడమరకు సుమారు 6 డిగ్రీలు ఉత్తరముగా నున్నట్లు తోచును. గోళముపై లెక్కించినచో సుమారు 12 డిగ్రీలు ఉత్తరముగా నుండును. "మనకు ఖిబ్లా పడమరే" యను వాడుక మాట స్థూలముగా సత్యమే. క్రొత్త మసీదుకు పునాది గీత గీయునపుడు మాత్రము ఈ లెక్క అక్కరకు వచ్చును. జిద్దాకు పోవు విమానపు ముక్కును, నమాజు చేయువాని ముఖమును త్రిప్పు గణితము ఒక్కటే యన్నచో విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును. కాని అది నిజము.

కాలమును లెక్కించుట

పెద్ద జెట్ విమానము ఎత్తున స్థిరముగా పోవునపుడు దాని వేగము గాలితో పోల్చి చూడగా గంటకు సుమారు 850 కిలోమీటర్లు. 4,140 ని 850 చే భాగించినచో 4 గంటల 52 నిమిషములు వచ్చును. కాని జిద్దాకు పోవు విమానములు దాదాపు 6 గంటలు తీసికొనును. తిరుగు ప్రయాణమున 5 గంటల పైచిలుకే పట్టును. పోవునపుడు ఎక్కువ, వచ్చునపుడు తక్కువ యగుట కేమి కారణము?

మొదటి కారణము నేలపై దొర్లుట, పైకెక్కుట, క్రిందికి దిగుట. వీనికి అరగంట మొదలు నలుబది నిమిషముల వరకు కలుపవలెను. రెండవ కారణము గాలి. సంవత్సరములో చాల భాగము, ముఖ్యముగా చలికాలమున, పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలి వీచుచుండును. ఏటికెదురీదువాని వలె జిద్దాకు పోవు విమానము ఆ గాలికెదురుగా పోవలెను. గాలి గంటకు 70 కిలోమీటర్లనుకొందము. పోవునపుడు భూమితో పోల్చిన వేగము 780; కాలము 5 గంటల 18 నిమిషములు. వచ్చునపుడు వేగము 920. కాలము నాలుగున్నర గంటలు. ఎక్కు దిగు కాలమును కలిపినచో సుమారు 6 గంటలు, 5 గంటలు అగును. దూరమొక్కటే, కాలములో దాదాపు గంట భేదము.

వానకాలమున ఈ కథ కొంత మారును. అపుడు దక్షిణ భారతము పైన, మిక్కిలి ఎత్తున, తూర్పు నుండి పడమటికి ఒక జెట్ ప్రవాహము వీచును. దీనిని 1958లో తన పరిశోధన ద్వారా లోకమునకు వివరించినవారు భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన శ్రీ పి. కోటేశ్వరం గారు. మన వానలకును దీనికిని సంబంధము కలదు. జిద్దాకు పోవు విమానమునకు వానకాలమున ఎదురుగాలి తగ్గుట కూడ దీని చలవయే.

గాలి దూరమును సైతము జయించునని చెప్పుటకు మరియొక నిదర్శనము. మన తెలుగువారు అధికముగా నివసించు కాలిఫోర్నియాకు ఢిల్లీ నుండి పోవు ఎయిర్ ఇండియా విమానము, 2016 అక్టోబరులో, అట్లాంటిక్ దారిని విడిచి పసిఫిక్ దారి పట్టెను. క్రొత్త దారి సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. మొత్తము 15,300 కిలోమీటర్లు. అయినను వెనుకగాలి తోడ్పాటున ఆ విమానము పద్నాలుగున్నర గంటలలోనే శాన్ ఫ్రాన్సిస్కో చేరెను. పాత దారిలో అంతకంటె ఎక్కువ సేపు పట్టుచుండెను. దూరమెక్కువైనచో కాలము కూడ ఎక్కువ కావలెనను నియమము లేదు.

గడియారమును చదువుట

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు. భారత కాలమునకు ప్రమాణము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. అది మన కాకినాడకు సమీపముగా పోవుచున్నది. సౌదీ అరేబియా కాలము 45 డిగ్రీల రేఖాంశమునకు చెందినది. భేదము 37½ డిగ్రీలు; 4 చే గుణింపగా 150 నిమిషములు. కావుననే మన గడియారము వారి గడియారము కంటె రెండున్నర గంటలు ముందుండును.

టిక్కెట్టుపై ముద్రించు వేళలన్నియు ఆయా స్థలముల వేళలే. హైదరాబాదున 00-40కి బయలుదేరి జిద్దాలో 04-10కి దిగునని యున్నచో, ప్రయాణము మూడున్నర గంటలే యని భ్రమపడరాదు. దానికి రెండున్నర గంటలు కలుపవలెను. మొత్తము 6 గంటలు. తిరుగు ప్రయాణమున జిద్దాలో 22-00కి బయలుదేరి మరునాడు 05-45కి హైదరాబాదున దిగునని యున్నచో, ఏడు గంటల ముప్పావు కనబడును. దాని నుండి రెండున్నర తీసివేయవలెను. 5 గంటల 15 నిమిషములు. పడమటికి పోవునపుడు కలుపుట, తూర్పునకు వచ్చునపుడు తీసివేయుట – ఈ ఒక్క సూత్రము గుర్తున్న చాలును.

తేదీ విషయమున మాకు తగిలిన దెబ్బ మరియొకరికి తగులరాదు. 00-01 మొదలు 04-00 వరకు గల వేళ టిక్కెట్టుపై నున్నచో, ముందటి దినపు సాయంకాలమే ఇల్లు విడువవలెను. శుక్రవారము 00-40 అనగా గురువారము రాత్రి భోజనము చేసి బయలుదేరు ప్రయాణము.

సూర్యుడు, ఉపవాసము, ఇహ్రాం

గడియారమును మనుష్యులు దిద్దుకొందురు, సూర్యుని దిద్దజాలరు. హైదరాబాదు రేఖాంశము 78.5, కేసముద్రము దాదాపు 80. ఈ ఒకటిన్నర డిగ్రీల భేదము వలన కేసముద్రమున సూర్యుడు హైదరాబాదుకంటె 5, 6 నిమిషములు ముందుగా ఉదయించి, ముందుగా అస్తమించును. రమజాను మాసమున హైదరాబాదు పట్టికను గోడకంటించుకొని సహరీ ముగించువారు ఆ నిమిషములు దాటి భుజించుచున్నారని గ్రహింపవలెను. ఇఫ్తారు ఆలస్యమైన ఓర్చుకొనవచ్చును. సహరీ ఆలస్యమైనచో ఉపవాసమే ప్రశ్నార్థకమగును.

ఉపవాసముతో పడమటికి ఎగురువానికి పగలు సాగును. భూమి తిరుగు వేగము ఈ అక్షాంశమున గంటకు 1,570 కిలోమీటర్లకు పైమాట. విమానపు వేగము దానిలో సగము. కావున కిటికీలోని సూర్యుడు నేలపై కంటె సగము వేగముతోనే దిగుచున్నట్లు కనబడును. హైదరాబాదులో ఇఫ్తారు వేళ యైనదని చేతి గడియారము చెప్పినను, ఎదుట సూర్యుడు ప్రకాశించుచునే యుండును. విమానములో నున్నవానికి అతని కంటికి కనబడు సూర్యాస్తమయమే ప్రమాణమని పండితుల మాట. ఈ శ్రమ కోర్వలేని ప్రయాణికుడు ఉపవాసమును వేరొక దినమునకు మార్చుకొను సౌలభ్యము ఖురానులోనే కలదు.

హజ్, ఉమ్రా యాత్రికునకు అన్నింటికంటె ముఖ్యమైనది మీకాతు హద్దు. ఆ హద్దు దాటక పూర్వమే ఇహ్రాం ధరించి సంకల్పము చేయవలెను. ఓడలపై వెళ్ళిన మన పూర్వులకు యలమ్‌లమ్ ఆ హద్దు. దినముల కొలది సముద్రముపై నున్నవారికి సిద్ధపడుటకు కావలసినంత వ్యవధి యుండెను. తూర్పు నుండి వచ్చు విమానము జిద్దాలో దిగుటకు ముందే ఆకాశమున ఆ హద్దును దాటిపోవును. గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానము నిమిషమునకు 13 కిలోమీటర్లకు పైగా పోవును. అయిదు నిమిషములు నిద్రపోయినచో అరువది కిలోమీటర్లు దాటిపోవును. కావున "జిద్దాలో దిగి మార్చుకొందము" అనుకొనుట పొరపాటు. హైదరాబాదులోనే ఇహ్రాం వస్త్రములు ధరించి విమానమెక్కుట క్షేమము.

ఇంటి నుండి లెక్క

విమానపు దూరము విమానాశ్రయము నుండి విమానాశ్రయమునకే. మనిషి ప్రయాణము ఇంటి నుండి. కేసముద్రము నుండి సికింద్రాబాదునకు కాజీపేట మీదుగా రైలుమార్గము సుమారు 185 కిలోమీటర్లు; బండిని బట్టి మూడు మొదలు అయిదు గంటలు. అక్కడ నుండి శంషాబాదునకు ఇంచుమించు 40 కిలోమీటర్లు, రద్దీలో గంటన్నర. అనగా ఈ 225 కిలోమీటర్లకు పట్టు కాలము, అవతలి 4,140 కిలోమీటర్లకు పట్టు కాలమునకు దాదాపు సమానము కావచ్చును! విమానాశ్రయమున మూడు గంటలు ముందుగా నుండవలెను. టిక్కెట్టుపై 6 గంటలున్న ప్రయాణమునకు కేసముద్రమువాడు పదునైదు గంటలు చేత నుంచుకొనవలెను.

అయినను మన పూర్వుల శ్రమతో పోల్చినచో ఇది స్వల్పము. వారు రైలున బొంబాయి చేరి, ఓడకై వేచియుండి, అరేబియా సముద్రముపై పండ్రెండు పదునైదు దినములు గడపి జిద్దా తీరమును చూచెడివారు. బొంబాయి – జిద్దా ఓడల యాత్ర 1995లో నిలిచిపోయినది. జిద్దాలో 1981లో ప్రారంభమైన విమానాశ్రయమున హజ్ యాత్రికులకై గుడారముల వంటి కప్పుతో ఒక విశాల ప్రాంగణమును నిర్మించిరి. దాని నిర్మాణమునకు తోడ్పడిన ఇంజనీరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్ ఢాకాలో జన్మించినవాడు.

మన సమీపముననే, వరంగల్లు వద్ద మామునూరులో, నిజాము కాలమున నిర్మించిన విమానాశ్రయము కలదు. అది చాలకాలముగా మూతబడి యున్నది. 2025 ఫిబ్రవరిలో దాని అభివృద్ధికి కేంద్ర పౌర విమానయాన శాఖ అంగీకారము తెలిపినది. అక్కడ నుండి జిద్దాకు నేరుగా విమానము లేచునని మేము చెప్పము. కాని కేసముద్రము నుండి ఆకాశమార్గమున 40 కిలోమీటర్ల దూరమే గల ఆ స్థలము మేల్కొన్నచో, మా ఊరివారి పదునైదు గంటలలో కొన్ని తగ్గునని యాశించుట తప్పు కాదు.

విద్యార్థులకు అభ్యాసము

ఒకటి: కేసముద్రము 17.7, 79.9, మక్కా 21.4, 39.8. ఆకాశ దూరమెంత? (సుమారు 4,210 కిలోమీటర్లు రావలెను.)

రెండు: హైదరాబాదున సోమవారము 23-30కి బయలుదేరిన విమానము 6 గంటలు ప్రయాణించినచో, జిద్దా గడియారము ప్రకారము ఏ దినమున, ఏ వేళకు దిగును? (మంగళవారము 03-00.)

మూడు: కాకినాడ రేఖాంశము 82.2. అక్కడ కేసముద్రము కంటె సూర్యాస్తమయము ఎన్ని నిమిషములు ముందు? (సుమారు 9.)

విద్యార్థులారా, మీ ఇండ్లకు పొరుగువారు టిక్కెట్లు తెచ్చి చదివి చెప్పుమని యడుగుదురు. వారిలో కొందరికి అది సంవత్సరపు సంపాదన. కొందరికి జీవితకాలపు యాత్ర. "చదువుకున్నవారు చెప్పిరి" అని వారు మరియొకరి నడుగరు. కావున తేదీని రెండుమారులు చూడుడు. వేళను రెండుమారులు లెక్కింపుడు. తెలియనిచో తెలియదని చెప్పి తెలిసినవారి నడుగుడు. మేము ఒకమారు తొందరపడి చెప్పిన మాటకు మరియొకరు మూల్యము చెల్లించిరి. ఆ ఋణములో కొంతయైనను ఈ వ్యాసము వలన తీరినచో మేము ధన్యులము.